‘రైల్వే’లో ఉన్నది ఒకే అచ్చు

మా ఆఫీసులో ప్రమోషన్ ఆగిపోవడానికి చెప్పే కారణాల్లో ‘ఎంటీఐ’ ఒకటి. మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్. మనం మాట్లాడే ఇంగ్లీషులో అమ్మభాష వాసన కొడుతోందని దానర్థం. కాల్స్ ఆడిట్ చేసేవాళ్ళ ఎక్సెల్ షీటులో దానికో కాలమ్ కూడా ఉంటుంది. అందులో ‘హై’ అని పడిందంటే ట్రైనింగుకి పంపుతారు. నన్నూ పంపారు. అక్కడ నేర్చుకున్నది తక్కువ. అక్కడ చెప్పినవి మింగుడుపడక, రూముకొచ్చి సొంతంగా తవ్వుకుని నేర్చుకున్నదే ఎక్కువ. మా బాబాయి కూతురికి త్వరలో ఇలాంటి ఉద్యోగానికే ఇంటర్వ్యూ ఉంది, ఫోన్ చేసి ఒకటే ప్రశ్నలు. దానికి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే ఇంకెవరికైనా పనికొస్తుందని కూర్చున్నాను.

ముందు మా పనేమిటో చెప్పాలి. నేను హైదరాబాద్‌లో ఏఆర్ కాలర్‌ని. ఏఆర్ అంటే అకౌంట్స్ రిసీవబుల్, రావాల్సిన బాకీలన్నమాట. అమెరికాలో డాక్టరు పేషెంటుని చూశాక డబ్బుల కోసం ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిమ్ పంపుతాడు. వాళ్ళు ఇవ్వకపోతే ఎందుకివ్వలేదు, ఏ కాగితం తక్కువైంది, అప్పీలు ఎక్కడికి పంపాలి అని డాక్టరు తరఫున ఫోన్ చేసి రాబట్టేది మేము. సాయంత్రం క్యాబ్ ఎక్కి, తెల్లారుజామున దిగే బతుకు. ఫోన్ కలవగానే ముందు మెషీను పలుకుతుంది. దాన్ని దాటితే మనిషి, మా భాషలో ‘రెప్’. పది అంకెల ఎన్‌పీఐ (అమెరికాలో డాక్టరుకి ఇచ్చే గుర్తింపు నంబరు), ట్యాక్స్ ఐడీ, పేషెంటు పేరు, డేట్ ఆఫ్ బర్త్, మెంబర్ ఐడీ అన్నీ నోటితోనే చెప్పాలి. మొహం కనపడదు, చేతులు ఊపి లాభం లేదు. నోట్లోంచి వచ్చే శబ్దం తప్ప మన దగ్గర ఇంకేమీ లేదు.

నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం, సత్తెనపల్లి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు. ‘ఏ, ఈ, ఐ, ఓ, యూ, ఇవి ఇంగ్లీషు అచ్చులు’ అని మా మాస్టారు బోర్డు మీద రాస్తే అందరం గొంతెత్తి చదివాం. ఆఫీసులో ట్రైనింగు ఇవ్వడానికి వచ్చినాయన కూడా అదే చెప్పాడు. పళ్ళ మధ్య పెన్సిలు పెట్టించి పేరాలు చదివించాడు. అమెరికన్ సీరియళ్ళు చూడమన్నాడు. తెలుగులో ఆలోచించడం మానేయండి, తెలుగుని గేటు బయట వదిలి రండి అన్నాడు. ఇంగ్లీషులో అచ్చులెన్ని సార్ అని వెనక వరసలోంచి ఎవరో అడిగితే ‘ఐదు’ అన్నాడు.

ఐదు అక్షరాలు. శబ్దాలు ఐదు కావు. బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో అచ్చు శబ్దాలు 20 అని లెక్క కట్టారు. 12 నిలకడగా ఉండేవి, 8 ఒకచోట మొదలై ఇంకోచోటికి జారేవి. మన చదువుకున్నవాళ్ళు మాట్లాడే ఇంగ్లీషుని కూడా ఇలాగే లెక్కగట్టినవాళ్ళు ఉన్నారు, అదీ మన హైదరాబాద్‌లోనే. తార్నాక వైపు వెళ్తుంటే కనిపించే ఇఫ్లూ, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైంది. అక్కడ పనిచేసిన ఆర్.కె. బన్సల్ ‘జనరల్ ఇండియన్ ఇంగ్లీష్’ అని ఒకదాన్ని వర్ణించి, అందులో 17 అచ్చులున్నాయని చూపించారు. అంటే మనం మాట్లాడేది తప్పుల కుప్ప కాదు, దానికీ ఓ పద్ధతి ఉంది. ఈ ముక్క ఆ ట్రైనింగు గదిలో ఎవరైనా చెప్పి ఉంటే సగం మంది భయం అప్పుడే పోయేది.

మరి చిక్కు ఎక్కడొచ్చింది? నా ఉద్దేశంలో రాతలో వచ్చింది. ‘రైల్వే’ అనే మాట తీసుకోండి. ఇంగ్లీషులో ఆ మాటలో రెండు చోట్లా వినిపించేది ఒకే అచ్చు. మనం మొదటిదాన్ని ‘ఐ’ చేశాం, రెండోదాన్ని ‘ఏ’ చేశాం. అదే అచ్చు ‘పేపరు’లో ఏ, ‘ట్రైను’లో ఐ, ‘మెయిల్’లో ఎయి. అసలు శబ్దం ‘ఎ’ దగ్గర మొదలై ‘ఇ’ వైపు జారుతుంది. కాబట్టి ‘మెయిల్’ అని మొదట రాసినాయన ఎవరోగానీ చెవిగలవాడు. మా పనిలో రోజూ నోట నానే ‘క్లెయిమ్’లో ఉన్నదీ ఇదే. ఫోన్‌లో మెషీను ‘దేనికోసం చేశారు’ అని అడిగినప్పుడు ‘క్లేమ్స్’ అని కొట్టినట్టు చెబితే, సారీ, అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అంటుంది. ‘క్లె-యిమ్స్’ అని కాస్త జారిస్తే దారిస్తుంది. మనిషైతే ఊహించుకుంటాడు, మెషీనుకి మొహమాటం లేదు.

ఇంకోవైపు నుంచి చూస్తే మన ‘ఆ’ ఉంది, దానికి చాకిరీ ఎక్కువ. కారు, హాలు, బాక్సు. బ్రిటిష్ వాళ్ళ నోట్లో ఇవి మూడు వేరు వేరు అచ్చులు. కారు అనేటప్పుడు నోరు బాగా తెరుచుకుంటుంది, హాలుకి పెదాలు గుండ్రమవుతాయి, బాక్సుకి గుండ్రమయ్యీ కాకుండానే వదిలేస్తారు. మనం మూడింటికీ ఒకటే దీర్ఘం ఇచ్చి చేతులు దులుపుకున్నాం. అయితే అమెరికాలో చాలామంది బాక్సుని కారు పక్కనే పెట్టి పలుకుతారు. అందుకని మన ‘బాక్స్’, మన ‘డాక్టర్’ వాళ్ళకి హాయిగా అందుతాయి. దీని మీద నేను ఒక్క నిమిషం కూడా ఖర్చుపెట్టలేదు.

ఇంగ్లీషువాళ్ళు మాత్రం తమ స్పెల్లింగుని ఎందుకిలా పెట్టుకున్నారని తిట్టుకునేదాన్ని. తర్వాత తెలిసింది, అది వాళ్ళకీ తలనొప్పే. సుమారు 1400 నుంచి 1700 లోపల ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ చోటు మారాయి. ఒట్టో యెస్పర్సన్ అనే డెన్మార్క్ పండితుడు దానికి ‘గ్రేట్ వవెల్ షిఫ్ట్’ అని పేరు పెట్టాడు. అంతకుముందు ‘టైమ్’ని ‘టీమ’ అన్నట్టు, ‘హౌస్’ని ‘హూస్’ అన్నట్టు పలికేవాళ్ళు. ‘నేమ్’ అయితే దాదాపు మన ‘నామ’మే! 1476లో విలియం కాక్స్‌టన్ లండన్ పక్కన వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. నోళ్ళు ఇంకా మారుతుండగానే రాత గట్టిపడటం మొదలైంది. తర్వాత శబ్దం ఎటు పోయినా స్పెల్లింగు కదల్లేదు. మనం ఆ పాత స్పెల్లింగుని కళ్ళతో చదివి, తెలుగు అక్షరాల్లోకి ఎత్తిరాసుకుని, దాన్ని నోటితో పలుకుతున్నాం. చెవి మధ్యలో ఎక్కడా లేదు.

చెవిని మధ్యలోకి తేవడానికి నాకు సాయం చేసింది ‘ప్రాట్’ అనే సాఫ్ట్‌వేర్. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బోయర్స్‌మా, డేవిడ్ వేనింక్ తయారుచేశారు, ఉచితంగా దొరుకుతుంది. చూడ్డానికి పాతకాలపు కిటికీలు, బూడిదరంగు బటన్లు. మనం ఒక మాట రికార్డు చేస్తే బూడిద మరకల్లా ఒక బొమ్మ వస్తుంది, దాని మీద ఎర్ర చుక్కల వరసలు. ఆ వరసల్ని ఫార్మంట్లు అంటారు. కింది వరస నాలుక ఎత్తు చెబుతుంది. నాలుక కిందికి దిగేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. రెండో వరస నాలుక ముందుకుందా వెనక్కుందా అని చెబుతుంది. ముందుకొచ్చేకొద్దీ పెరుగుతుంది. అచ్చు అంటే చాలామటుకు ఇంతే, నోట్లో నాలుక ఎక్కడుందన్న సంగతి. ఉపాధ్యాయులెవరూ లేకుండా నాలుక కనిపించడం నాకు భలే నచ్చింది.

పోల్చుకోవడానికి అంకెలు కావాలిగా. 1952లో బెల్ ల్యాబ్స్‌కి చెందిన పీటర్సన్, బార్నీ అనే ఇద్దరు 76 మంది చేత హీడ్, హిడ్, హెడ్, హ్యాడ్ వంటి పది మాటలు పలికించి కొలిచిన లెక్కలు ప్రచురించారు. అందులో ఆడవాళ్ళు 28 మంది. వాళ్ళ సగటు చూడండి: హీడ్‌కి మొదటి వరస 310, రెండోది 2790 హెర్ట్జ్. హిడ్‌కి 430, 2480. అంటే ‘హిడ్’లో ఉన్నది ‘హీడ్’ని కత్తిరించిన ముక్క కాదు. నాలుక కొంచెం కిందికి దిగి, కొంచెం వెనక్కి జరిగి, వదులైన వేరే అచ్చు. నేను రికార్డు చేసి చూసుకుంటే నా హీడ్, హిడ్ రెండూ తెర మీద దాదాపు ఒకే చోట పడ్డాయి. తేడా అంతా పొడుగులోనే.

అలా పడటంలో వింతేమీ లేదు. విడు, వీడు. పలు, పాలు. ఉరి, ఊరి. మనకి హ్రస్వదీర్ఘాల తేడా ప్రాణం, ఛందస్సు మొత్తం దాని మీదే నడుస్తుంది. అందుకని ఇంగ్లీషులో కూడా పొడుగే ముఖ్యం అనుకుంటాం. ఇంగ్లీషులో పొడుగు అంత నమ్మదగింది కాదు. అచ్చు వెనకాల సరళం వస్తే అచ్చు సాగుతుంది, పరుషం వస్తే కురచైపోతుంది. ‘క్యాప్’, ‘క్యాబ్’ పక్కపక్కన వినండి, క్యాబ్‌లో అచ్చు ఎక్కువసేపు ఉంటుంది. ఇలా సాగిన ‘బిడ్’, ఇలా కుంచించుకుపోయిన ‘బీట్’ గడియారం పెట్టి కొలిస్తే పొడుగులో దగ్గర దగ్గరగా వస్తాయి. వాళ్ళ చెవి వాటిని విడదీసేది నాలుక ఉన్న చోటుని బట్టి. ఇది తెలిశాక నేను ‘ఇ’ పలికేటప్పుడు ‘ఎ’ వైపు ఒక పిసరు వంచడం మొదలుపెట్టాను. ‘లివ్’ని ‘లెవ్’ అనబోయి ఆగినట్టు. అద్దం ముందు ఇదే పని చేస్తుంటే మా రూమ్మేట్ చూసింది. దానిది ఆర్మూరు.

‘ఏందే, అద్దం ముంగట గట్ల మూతి వంకర్లు తిప్పుతున్నవ్?’

విషయం చెప్పాను. అది ఏఆర్ కాదు, బ్యాంకులో పనిచేస్తుంది. అయినా మంచం దిగి వచ్చి నా పక్కన నిలబడింది. ఇక అక్కడి నుంచి ఇద్దరం కలిసే చేశాం. అసలు సరదా ‘ట్యాక్స్’, ‘ఫ్యాక్స్’ దగ్గర మొదలైంది. మా పనిలో ఈ రెండు మాటలు లేకుండా ఏ కాలూ పూర్తికాదు. అమెరికాలో వైద్యం కాగితాలు చాలా ఇంకా ఫ్యాక్సుల్లో తిరుగుతాయి మరి. ఆ అచ్చు మన వర్ణమాలలో లేదు. అందుకని ‘యా’ తగిలించి క్యాట్, బ్యాగు, మ్యాచ్ అని రాసుకుంటాం. రాశాం కదా అని కొంతమంది మధ్యలో నిజంగానే ‘య’ పలుకుతారు. ఇంకొంతమంది ‘టెక్స్ ఐడీ’ అంటారు, అవతలివాళ్ళకి అది ఇంకేదో మాటలా వినిపిస్తుంది.

వర్ణమాలలో లేదు గానీ, నోట్లో ఉంది. ‘మేక’ అనండి. వెంటనే ‘మేకు’ అనండి. రెండింటికీ రాసేది ఒకటే ఏత్వం. పలికేది ఒకటి కాదు. మేకులో దవడ పైన ఉంటుంది. మేకలో దవడ దిగుతుంది, నోరు పక్కలకి విచ్చుకుంటుంది. గడ్డం కింద వేళ్ళు పెట్టుకుని అంటే దిగడం తెలుస్తుంది. ఆ మేకలోదే ‘ట్యాక్స్’లోనిది, కాస్త పొట్టిగా. ఇంకా స్పష్టంగా కావాలంటే మా కోస్తావాళ్ళం ‘వచ్చాడు’, ‘తిన్నాడు’ అనేటప్పుడు వినండి. రాసేది దీర్ఘం, పలికేది ‘ఆ’కీ ‘ఏ’కీ మధ్యది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆధునిక తెలుగు వ్యాకరణం చెప్పినప్పుడు దీన్ని విడి అచ్చుగానే లెక్కించారు. నేను ‘వచ్చాడు’ అంటే మా రూమ్మేట్ ‘ఆ, గిదే, గిదే! ‘క్యాట్’ల ఉన్నది గిదే’ అని చప్పట్లు కొట్టింది. దానికి మాత్రం ‘వచ్చాడు’ పనికిరాదు, వాళ్ళది ‘వచ్చిండు’. అది మేకతోనే సర్దుకుంది. అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిన శబ్దాన్ని వదిలిపెట్టి, పెన్సిలు కొరుకుతూ కూర్చోమన్న పెద్దమనిషి గుర్తొచ్చి ఆ రోజు కాస్త గట్టిగానే తిట్టుకున్నాను.

మా పనిలో ఇంకో అచ్చు నిద్రపోనివ్వదు. డేట్ ఆఫ్ ‘బర్త్’. డేట్ ఆఫ్ ‘సర్వీస్’. ‘వెరిఫై’లో ఉండదు గానీ ‘థర్టీ’, ‘థర్డ్’, ‘ఫస్ట్’ అన్నింట్లో ఉంటుంది. మనం ‘బ’కి అకారం ఇచ్చి, ఆపి, తర్వాత ‘ర్’ అంటాం. అమెరికావాళ్ళ నోట్లో అక్కడ అచ్చు వేరు, రకారం వేరు కాదు. మొదటి నుంచి చివరి దాకా నాలుక మడిచే ఉంచి, రకారాన్నే అచ్చులా సాగదీస్తారు. రకారాన్ని అచ్చు చేయడం మనకి కొత్తా? ‘ఋ’ ఎక్కడుంది, అచ్చుల వరసలోనే కదా! మనం ‘రు’ అనేసి, ఉత్తరాదివాళ్ళు ‘రి’ అనేసి దాన్ని పోగొట్టుకున్నాం గానీ, అది అచ్చు అని మాత్రం అక్షరమాల ఇంకా చెబుతూనే ఉంది. ‘బృత్’ అని రాసుకుని, అందులో ‘ఉ’ రానివ్వకుండా పలికితే అమెరికన్ ‘బర్త్’కి చాలా దగ్గరికి వస్తుంది. బ్రిటిష్ వాళ్ళు ఇక్కడ రకారమే పలకరు, నాలుకని నోటి మధ్యలో వదిలేసి అచ్చుని సాగదీస్తారు. మనకి వచ్చే ఫోన్లు అటు నుంచి కావు కాబట్టి దాని జోలికి పోలేదు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ వినిపించేది, అన్నిటికన్నా ఆలస్యంగా నాకు వినిపించింది, ష్వా. నిఘంటువుల్లో తలకిందులుగా తిప్పిన ఇంగ్లీషు ‘ఈ’ అక్షరంతో రాస్తారు. నాలుక ఎటూ పోకుండా, పెదాలు కదలకుండా, బద్ధకంగా వచ్చే ‘అ’ లాంటిది. ‘అమెరికా’లో మొదటిదీ అదే, చివరిదీ అదే. చివర మనం పెట్టే దీర్ఘం వాళ్ళు పెట్టరు. ఇంగ్లీషులో ఏ అచ్చైనా, దాని మీద ఊత (స్ట్రెస్) లేకపోతే, దీనిలోకి జారిపోవచ్చు. ‘ఫొటోగ్రాఫ్’ అన్నప్పుడు ఊత మొదటి అచ్చు మీద. ‘ఫొటోగ్రఫీ’ అన్నప్పుడు రెండోదాని మీదికి వెళ్తుంది, దాంతో మొదటిది నీరసించి ‘ఫటాగ్రఫీ’ అన్నట్టు అవుతుంది. అక్షరాలు మారలేదు, అచ్చులన్నీ మారాయి. మనం ప్రతి అచ్చుకీ దాని వాటా దానికిచ్చే జాతి. ఇన్సూరెన్స్ ఇచ్చేముందు పేషెంటు తన జేబులోంచి కట్టాల్సిన డబ్బుని ‘డి-డ-క్టి-బుల్’ అని నాలుగింటినీ సమానంగా పేర్చి చెబుతాం. వాళ్ళు ‘డక్’ ఒక్కదాన్నే గట్టిగా పట్టుకుంటారు, మిగతావి వదిలేస్తారు. మనం సమానంగా పేర్చినప్పుడు వాళ్ళకి ఏది పట్టుకోవాలో తెలియదు. మన మాటలు వాళ్ళకి వేగంగా అనిపిస్తాయని రెప్పులు అంటుంటారు. వేగం కాదు, ఊత దొరక్కపోవడం అని నా అనుమానం.

ఇక్కడ కూడా తెలుగుని గేటు బయట వదలక్కర్లేదు. రాతలో పలకరించు, చిలుక, అడుగుతాడు. నోట్లో పల్కరించు, చిల్క, అడుగ్తాడు. మాట మధ్యలో ఉన్న పొట్టి అచ్చుని మింగడం మనకి పుట్టుకతో వచ్చు, మా రూమ్మేట్ వాళ్ళ వైపు ఇంకా బాగా వచ్చు. ‘చాక్లెట్’లో నడిమి అచ్చు ఎక్కడికి పోయింది? స్పెల్లింగులో ఉంది, ఇంగ్లీషువాళ్ళూ పలకరు, మన ఊళ్ళో పిల్లలూ పలకరు. చెవితో నేర్చుకున్న మాట కాబట్టి సరిగ్గా వచ్చింది. పుస్తకంలో చూసి నేర్చుకుని ఉంటే ‘చోకొలేట్’ అని అడుక్కునేవాళ్ళం.

ష్వాతో డబ్బు సంబంధం కూడా ఉంది. మా టీమ్‌లో ఒకబ్బాయి ఒక కాలు చేశాడు. క్లెయిమ్ తిరగ్గొట్టారు, కారణం పాతదే, ఆథరైజేషన్ నంబరు లేదని. నంబరు మా దగ్గర ఉంది. మళ్ళీ ప్రాసెస్ చేస్తారా అని అడిగితే రెప్ ఏదో చెప్పింది. వీడు నోట్స్‌లో ‘రెప్ మళ్ళీ ప్రాసెస్ చేస్తానంది, 30 రోజులు ఆగాలి’ అని రాశాడు. 30 రోజులు ఆగారు, ఏమీ జరగలేదు. ఇంకోసారి ఫోన్ చేస్తే అప్పీలు గడువు దాటిపోయింది అన్నారు. రికార్డింగ్ తీసి అందరం హెడ్‌సెట్లు పెట్టుకుని విన్నాం. ఆమె అన్నది ‘క్యాన్ట్’. చివర ‘ట్’ మాత్రం గొంతులోనే ఆగిపోయింది, బయటికి రాలేదు.

మనం స్కూల్లో నేర్చుకున్నది బ్రిటిష్ ‘కాంట్’. దీర్ఘం ఉంటుంది కాబట్టి ‘క్యాన్’తో కలిసిపోదు. అమెరికాలో రెండింటికీ ఒకే అచ్చు. అయినా వాళ్ళు ఒకరికొకరు పెద్దగా పొరపాటు పడరు. ఎందుకంటే చేయగలను అనేటప్పుడు వాళ్ళు మామూలుగా ‘క్యాన్’ అని నిండుగా అనరు, ‘ఐ క్న్ డూ ఇట్’ అన్నట్టు ష్వాలో ముంచి వదిలేస్తారు. నిండుగా ‘క్యాన్’ అని వినపడిందంటే చాలామటుకు అది ‘చేయలేను’. మనమేమో ‘ఐ క్యాన్ హోల్డ్’ అని ఒత్తి పలుకుతాం, మనం లైన్లో ఆగలేమంటున్నామనుకుని వాళ్ళు ‘అయితే మళ్ళీ చేయండి’ అంటారు. ఇప్పుడు మా టీమ్‌లో అందరం వెంటనే తిరిగి అడుగుతాం: చేస్తారనా, చేయరనా? ఫిఫ్టీ, ఫిఫ్టీన్ దగ్గర ‘ఫైవ్ జీరోనా, వన్ ఫైవా’ అని అడిగినట్టే. రెప్పులు విసుక్కోరు. వాళ్ళకీ అలవాటే.

అక్షరాల పేర్ల సంగతి క్లుప్తంగా. మన ఊళ్ళలో యల్, యమ్, యన్, యస్. పాత బోర్డుల మీద ‘యం.ఏ., బి.యల్.’ అని ఉండేది గుర్తుందా? మాట ‘ఎ’తో మొదలైతే మన నాలుక ముందొక యకారం పెడుతుంది, ‘ఒ’తో మొదలైతే వకారం పెడుతుంది. యెవరు, వొకటి, వోల్డ్. మళ్ళీ నిజంగా యకారం ఉన్న ‘యియర్’ని మాత్రం ‘ఇయర్’ చేసి, సంవత్సరాన్ని చెవి చేసేస్తాం. మెంబర్ ఐడీలో యమ్, యన్ పక్కపక్కన వస్తే ఆ రెప్‌కి దేవుడే దిక్కు. అందుకే ‘మేరీలో ఎమ్, న్యాన్సీలో ఎన్’ అని చెప్పమంటారు. కొత్తగా చేరిన ఒకమ్మాయి కంగారులో ‘ఎన్ యాజ్ ఇన్ నెల్లూరు’ అంది. అవతలాయన తడుముకోకుండా ‘గాటిట్’ అన్నాడు.

ఇంత చేశాక ఒక సంగతి బోధపడింది. వాళ్ళందరికీ ఒకే ఇంగ్లీషు లేదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చాలామందికి ‘పెన్’, ‘పిన్’ ఒకటే. ‘టెన్’ అన్నా ‘టిన్’లాగే వస్తుంది. రాసే పెన్ను కావాలంటే ‘ఇంక్ పెన్’ అని విడమరిచి అడుగుతారట. పడమటి రాష్ట్రాలవాళ్ళకి మంచం అనే ‘కాట్’, పట్టుకున్నాం అనే ‘కాట్’ రెండూ ఒకటే. అందుకే జాన్ వెల్స్ అనే బ్రిటిష్ ధ్వనిశాస్త్రవేత్త 1982లో శబ్దాలకి బదులు మాటలు పెట్టాడు: కిట్, డ్రెస్, ట్రాప్, లాట్, స్ట్రట్, ఫుట్ అంటూ 24. నీ ఊళ్ళో కిట్‌ని ఎలా పలుకుతావో, ఆ కుటుంబం మాటలన్నీ అలాగే పలుకుతావు అని. నేనూ మా పని మాటలతో అలాంటి చీటీ ఒకటి రాసి మానిటర్ కింద అంటించుకున్నాను. ట్యాక్స్ కుటుంబం, బర్త్ కుటుంబం, క్లెయిమ్ కుటుంబం, బిల్ కుటుంబం. ఆడిట్‌వాళ్ళు దాన్ని ఫోటో తీసుకుని వెళ్ళారు. ఎంటీఐ కాలమ్ మాత్రం ఇంకా తీసేయలేదు.

ఇంకో తమాషా. అమెరికా ఇన్సూరెన్స్ నంబరుకి ఫోన్ చేస్తే చాలాసార్లు ఎత్తేది ఫిలిప్పీన్స్‌లో ఉన్నవాళ్ళు. వాళ్ళ తగలాగ్‌లో అచ్చులు ఐదే. అవతల వాళ్ళూ షిఫ్టులో నిద్ర ఆపుకుంటూ, ఇవతల నేనూ నిద్ర ఆపుకుంటూ, ఇద్దరం అమెరికా వాళ్ళ అచ్చుల కోసం అవస్థ పడుతూ, అమెరికాలో ఒకాయన మోకాలి ఆపరేషన్ బిల్లు గురించి మాట్లాడుకుంటాం. ఆ కాల్సే అన్నిటికన్నా సాఫీగా నడుస్తాయి. ఇద్దరం నిదానంగా, విడివిడిగా, అంకెలు రెండుసార్లు చెప్పుకుంటాం.

మా చెల్లి నిన్న మళ్ళీ అడిగింది. ‘అక్కా, ఇంటర్వ్యూకి వారమే ఉంది, ఏ యాప్ కొనను?’ ఏదీ కొనద్దన్నాను. ఫోన్లో రికార్డర్ ఉంది, ఉచిత నిఘంటువుల్లో స్పీకర్ బొమ్మ నొక్కితే పలికే గొంతు ఉంది, అవి చాలు. మేక, మేకు అనుకుంటూ దవడ చూసుకో, తర్వాత ట్యాక్స్ అను. బర్త్‌లో నాలుక మడిచే ఉంచు. క్లెయిమ్‌ని జారించు. ‘క్యాన్’ అనాలనిపిస్తే మింగెయ్, కాదనాలంటే ‘క్యానాట్’ అని పూర్తిగా చెప్పెయ్, గొడవుండదు. నీ పేరు స్పెల్లింగు ఎలాగూ అడుగుతారు, దాన్లో రెండు ఎల్‌లు ఉన్నాయి, ఆ రెండింటికీ ముందు యకారం రాకుండా అద్దం ముందు చెప్పుకో. ‘సరే అక్కా, యల్...’ అంది. మళ్ళీ చెప్పమన్నాను.